పీజోమీటర్‌లో లాగర్ ఒక మట్టం, టేపు ఇంకో మట్టం చూపిస్తే?

(పీజోమీటర్ అంటే భూగర్భ నీటిమట్టం చూసే సన్నటి బోరు బావి. లాగర్ అంటే అందులో కేబుల్ మీద వేలాడుతూ, నీటి పీడనాన్ని బట్టి మట్టాన్ని నమోదు చేసే సెన్సర్. మాట్లాడేది నీటిమట్టం, పీడనం, బావిగట్టు అనే ముగ్గురు.)

నీటిమట్టం: లాగర్ రీడింగుకీ టేపు కొలతకీ 10–12 సెం.మీ. తేడా వస్తోంది. అదీ రోజుకో రకంగా. సెన్సర్ పోయినట్టేనా?

పీడనం: తొందరపడకండి. గాలి గొట్టం (కేబుల్ లోపల బయటి గాలిని సెన్సర్ దాకా చేర్చే సన్నటి దారి) లేని లాగరైతే నీటి పీడనంతో పాటు గాలి పీడనాన్నీ కలిపి నమోదు చేస్తుంది. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే నీరు దాదాపు 1 సెం.మీ. దిగినట్టు కనిపిస్తుంది. తుపాను వేళ బావిలో నీరు కదలకపోయినా గ్రాఫు మాత్రం జారిపోతుంది. అందుకే పైన గాలిలో బారో లాగర్ (గాలి పీడనాన్ని మాత్రమే నమోదు చేసేది) ఇంకోటి పెట్టి, దాని రీడింగుని నీటిలోని లాగర్ రీడింగులోంచి తీసేయాలి. రెండింటి గడియారాలూ కలవాలి. బారో లాగర్ దూరంగా, వేరే ఎత్తులో ఉంటే ఆ తేడా కూడా చూసుకోవాలి. సముద్రమట్టానికి దగ్గర్లో ప్రతి 8 మీటర్ల ఎత్తుకీ సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది.

బావిగట్టు: ముందు టేపు సంగతి తేల్చండి. కేసింగ్ (నేల పైకి వచ్చే బోరు పైపు) అంచు మీద గుర్తు పెట్టి, ఎవరు కొలిచినా అక్కణ్ణుంచే కొలవాలి. నేల మీద ఆ అంచు ఎంత ఎత్తుందో అంత కొలతలోంచి తీసేయడం మరిచిపోతే లెక్క ఎప్పటికీ కుదరదు. పైపు గోడ తడిగా ఉంటే ఎలక్ట్రిక్ టేపు నీటిని తాకకముందే కూస్తుంది. రెండుసార్లు దించి చూడండి, సెంటీమీటరు దాటి తేడా వస్తే మూడోసారి. పక్కన మోటారు నడుస్తుంటే ఆ రీడింగుకి విలువ లేదు.

నీటిమట్టం: మాది గాలి గొట్టం ఉన్న కేబులేనండి. పైనున్న సిలికా జెల్ (చెమ్మ పీల్చుకునే గుళికలు) మాత్రం నీలం పోయి గులాబీ రంగుకి వచ్చింది.

పీడనం: దొరికింది! జెల్ తడిసిందంటే గొట్టంలోకి చెమ్మ చేరి ఉంటుంది. చుక్క నీరు అడ్డుపడ్డా గాలి దారి మూసుకుపోయి, అది గొట్టం లేని లాగర్ లాగే ప్రవర్తిస్తుంది. జెల్ మార్చండి, కేబుల్ మెలికలు విప్పండి. అయినా దారికి రాకపోతే కేబుల్ మార్చాల్సిందే.

బావిగట్టు: పాత డేటాని ఒకే అంకెతో జరిపేయకండి. తేడా మెల్లగా పెరిగితే రెండు టేపు కొలతల మధ్య రోజులకి సమంగా పంచవచ్చు. ఒక్కసారిగా మెట్టులా ఎగిరితే కేబుల్ జారిన తేదీ వెతకాలి. మీ కేసులో తేడా గాలి పీడనంతో మారుతోంది కాబట్టి రెండూ పనికిరావు. చెమ్మ చేరిన నాటి నుంచి బారో రీడింగు దొరికితే తీసి చూడండి, లేకపోతే ఆ కాలాన్ని అనుమానాస్పదమని గుర్తు పెట్టండి. ముడి ఫైలు మాత్రం ముట్టుకోవద్దు.