అప్‌డేట్: బాక్సర్లతో తైక్వాండో స్పారింగ్

విజయనగరంలో మా తైక్వాండో బ్యాచ్ బాక్సింగ్ కుర్రాళ్లతో స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేయాలంటే ఏ రూల్స్ పెట్టుకోవాలని అడిగాను కదా. మీ సలహాలన్నీ చూసి ఇలా ఖాయం చేశాం.

రౌండుకి 2 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం విరామం. అందరికీ 16 ఔన్సుల గ్లవ్స్. పోటీల్లో వాడే 10 ఔన్సులవి వద్దే వద్దు. మౌత్‌గార్డ్, గ్రోయిన్ గార్డ్ (గజ్జలకి), షిన్ గార్డ్ (మోకాలి కింద ముంగాలికి) లేనివాళ్లు బయటే.

అసలు చిక్కు చేతులతోనే. తైక్వాండో పోటీల్లో ముఖానికి పంచ్ నిషేధం కాబట్టి చేతులు కిందికి జారిపోతాయి. బాక్సర్ జాబ్ (ముందు చేత్తో వేసే తిన్నని పంచ్) నేరుగా ముక్కు మీదికే. అందుకే మొదటి రౌండ్లలో వాళ్లు జాబ్ ఒక్కటే వేస్తారు, మనం చేతులు చెంపల దగ్గరే ఉంచి దాన్ని పక్కకి నెట్టడం. తన్నాక కాలు దించినచోటే నిలబడితే దొరికిపోతాం, దించుతూనే పక్కకి జరగాలి.

బాక్సర్లకి ప్రమాదం వేరు. పంచ్ తప్పించుకోడానికి తల వంచుతారు, అప్పుడే మన కాలు లేస్తే రెండు వేగాలూ కలిసి తగులుతాయి. అందుకే తలకి తన్ను, మోకాలికి తన్ను రెండూ పూర్తిగా బంద్. ఈ రూల్ మీద బేరాల్లేవు.

తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.