పొలం గట్టు టేకు ఇంటి దర్వాజలకు సరిపోతుందా? కోత, ఆరబెట్టడం, కొలతలు

జగిత్యాల పొలం:
అందరికీ నమస్తే. ఇల్లు బేస్‌మెంట్ దాకా వచ్చింది. పొలం గట్టు మీద తొమ్మిది టేకు చెట్లున్నాయి. ఇరవై ఏళ్లు దాటినవి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 34 నుంచి 40 అంగుళాలు. సింహద్వారం ఒకటి, లోపలి దర్వాజలు ఐదు, బాత్రూములు రెండు, ముందు 12 × 10 అడుగుల పెంకుల వరండా కావాలి. చెట్లు కొట్టిస్తే వీటికి కలప సరిపోతుందా? సింహద్వారం మాఘమాసంలో నిలబెట్టాలని అయ్యగారు ముహూర్తం చూశారు. ఇప్పుడు కొట్టిస్తే అప్పటికి పనికొస్తుందా? వడ్రంగి మాత్రం "పచ్చిగా ఉన్నప్పుడే పని సులువు, చేసేద్దాం" అంటున్నాడు.

కోతమిల్లు:
లోపలి ఐదు దర్వాజలకు సరిపోతుంది. సింహద్వారానికి, తలుపు రెక్కలకు సరిపోదు. లెక్క చెప్తాను, మీ చెట్లకు మీరే వేసి చూసుకోండి.

మొదలు దగ్గర 36 అంగుళాలున్న చెట్టుకు, బెరడు తీసి, ఎనిమిది అడుగుల దుంగను నడిమధ్య కొలిస్తే సుమారు 30 అంగుళాలు వస్తుంది. అడితిలో (కలప అమ్మే చోట) దుంగ లెక్క ఇలా వేస్తారు: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, అడుగుల పొడవుతో గుణించి, 144తో భాగించాలి. 7.5 × 7.5 × 8 ÷ 144, అంటే 3.1 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో దాదాపు 4 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. ఈ పాత లెక్క కోతలో పోయే తరుగును ముందే కొంత తీసేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దుంగ అడ్డుకొలత తొమ్మిదిన్నర అంగుళాలు. గట్టు మీద నీళ్లు తాగి త్వరగా లావెక్కిన చెట్టుకు చుట్టూ అంగుళం దాకా తెల్ల (బెరడు కింది లేత కర్ర) ఉంటుంది. అది పోతే చేవ (లోపలి గట్టి కర్ర) ఏడున్నర అంగుళాలే. అందులో 5 × 3 కమ్మీలు (దర్వాజ చట్రం కర్రలు) రెండు రావు. 5 × 2½ రెండు వస్తాయి. లోపలి దర్వాజలకు అది చాలు.

బయటి కొలత 3 × 7 అడుగుల దర్వాజకు గడప లేకుండా నిలువు కమ్మీలు రెండు, పై కమ్మీ ఒకటి, మొత్తం 17 అడుగులు. 5 × 2½ × 17 ÷ 144 = 1.48 ఘనపుటడుగులు. ఐదింటికి దాదాపు 7.4. నిలువులకు ఐదు దుంగలు, పై కమ్మీలకు రెండు, మొత్తం ఏడు మొదటి దుంగలు కావాలి. మీకు తొమ్మిది ఉన్నాయి. ఒకటి రెండు పుచ్చు, మెలి తేలినా ఇబ్బంది లేదు. పైన వచ్చే సన్న దుంగలు బీడింగులకు, పట్టీలకు వాడుకోండి. వాటిలో కమ్మీలు తీయమని పట్టుబట్టొద్దు.

కోయించేటప్పుడు మిల్లులో దగ్గర నిలబడి రెండు మాటలు చెప్పండి. ఒకటి, మాను నడిమధ్యలో ఉండే మెత్తని బెండు మీదుగానే రంపం పోవాలి. బెండు కమ్మీ లోపల ఉండిపోతే ఎంత ఆరబెట్టినా ఆ కమ్మీ నిలువునా బీట తీస్తుంది. రెండు, 5 × 2½ కావాలంటే పచ్చికోత 5½ × 2¾ వేయించండి. ఎండినప్పుడు తగ్గేది, రందాకు (చిత్రిక పట్టడానికి) పోయేది అందులోనే. ఆ కొలతకు మూలల్లో సన్నగా తెల్ల తగులుతుంది, రందాకు చాలావరకు పోతుంది. ఇంకా మిగిలితే ఆ మూలను రిబేటు (రెక్క కూర్చునే గాడి) తీసే వైపు పెట్టమనండి.

అటవీ చట్టం తెలిసిన మనిషి:
కొట్టే ముందు అనుమతి. సొంత పట్టా భూమిలో సొంత చెట్టయినా సరే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం నరకడానికి అనుమతి, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల ప్రకారం తరలించడానికి పర్మిట్, ఈ రెండూ వేర్వేరు. పట్టాదారు పాసుపుస్తకం, సర్వే నంబరు, చెట్ల జాబితా, ఒక్కోదాని చుట్టుకొలత రాసుకుని అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి. వాళ్లు వచ్చి చూస్తారు, దుంగలకు సుత్తి ముద్ర పడుతుంది. లైసెన్సున్న కోతమిల్లు ఆ కాగితం అడుగుతుంది. అడగని మిల్లుకు తీసుకెళ్తే దారిలో పట్టుబడేది మీ ట్రాక్టరే.

జగిత్యాల పొలం:
చాలా వివరంగా చెప్పారు. అనుమతి పని రేపే మొదలుపెడతా. సింహద్వారం సంగతి చెప్పండి. మాఘానికి ఎండదా? మా పెద్దనాయన, దుంగలు కొట్టి చెరువులో వేస్తే పుచ్చు పట్టదంటాడు. అట్ల చెయ్యొచ్చా?

గోదావరి చిత్రిక:
మాఘానికి ఎండదండీ. తడి బట్టకు ఇస్త్రీ వేసినట్టు ఉంటుంది ఆ పని. మీ వడ్రంగి చెప్పినట్టు పచ్చి చెక్కకు ఉలి తేలిగ్గా దిగుతుంది, అది నిజమే. కానీ పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి నూటికి అయిదు వంతుల దాకా, వలయాలకు అడ్డంగా రెండున్నర వంతుల దాకా కుంచించుకుంటుంది. ఈ రెండూ సమానం కాకపోవడం వల్లే కమ్మీ వంకర తిరుగుతుంది. బెజ్జంలో బిగుతుగా కొట్టిన కుసి (కమ్మీ కొసన చెక్కిన నాలుక) ఆరు నెలలకు వదులవుతుంది, మూల దగ్గర సందు కనబడుతుంది, రెక్క రిబేటులో కూర్చోదు. అప్పుడు రెక్కనే చిత్రిక పడతారు. వానాకాలంలో అది మళ్లీ ఉబ్బి బిగుసుకుంటుంది.

కాబట్టి సింహద్వారానికి ఎండిన కలప కొనండి. 6 × 4 కమ్మీలతో, గడపతో కలిపి, నిలువులు ఏడున్నర అడుగులవి రెండు, అడ్డం నాలుగుంబావు అడుగులవి రెండు: 6 × 4 × 23.5 ÷ 144, అంటే 3.9 ఘనపుటడుగులు. అడితిలో 6 × 4 అని చెప్పి ఐదు ముప్పావు, మూడు ముప్పావు ఇస్తారు. టేపు పెట్టి ఉన్న కొలతకే డబ్బు కట్టండి.

ఎండిందో లేదో పై పొరలో తెలియదు. కొస నుంచి అడుగు లోపలికి కోయించి, ఆ తాజా కోత నడుమ తేమ మీటరు సూదులు గుచ్చాలి. 12 నుంచి 14 శాతం మధ్య ఉంటే తీసుకోండి. 18 దాటితే వద్దు. రంగు చూసి మోసపోకండి, తెల్ల మీద నూనె, రంగు పూసి చేవలా చూపిస్తారు. ఓ మూల చిత్రికతో రెండు పొరలు తీయించి చూడండి. నిజమైన చేవ లోపల కూడా బంగారు గోధుమ రంగులోనే ఉంటుంది, చేతికి కాస్త జిడ్డు తగులుతుంది, తోలు లాంటి వాసన వస్తుంది. టేకు వచ్చిన చోటు బల్లార్షా, బర్మా, ఘనా అని పేర్లు చెప్తారు. బర్మా 2014 ఏప్రిల్ నుంచే దుంగల ఎగుమతి ఆపేసింది, కాబట్టి ఆ పేరుకు అదనపు ధర అడిగితే కాగితాలు చూపించమనండి. పేరుకంటే ఎదురుగా ఉన్న ముక్కలో చేవ ఎంత, బెండు ఉందా, ముడులు గట్టివా వదులువా అన్నదే చూడాలి.

చెరువులో వేయడం గురించి మీ పెద్దనాన్నగారు చెప్పింది తప్పు కాదు. నీళ్లలో నానితే తెల్లలో ఉండే పిండి పదార్థం పోతుంది, పొడి రాల్చే పురుగుకు తిండి తగ్గుతుంది. చెదకు మాత్రం అది మందు కాదు. పైగా నీళ్లలోంచి తీశాక ఆరడం మళ్లీ మొదటి నుంచి. మీకున్న గడువులో వద్దు. దాని బదులు తెల్ల ఉన్న చిన్న ముక్కలకు బోరాక్సు పట్టించండి: 20 లీటర్ల వేడినీళ్లకు బోరాక్సు 1.2 కిలోలు, బోరిక్ యాసిడ్ 800 గ్రాములు. కోసిన వెంటనే, పచ్చిగా ఉండగానే ముంచి, రెండు మూడు వారాలు ప్లాస్టిక్ కప్పి ఉంచితే లోపలికి దిగుతుంది. ఆ తర్వాతే గాలికి పేర్చాలి. వాన తగిలే చోట ఈ మందు కడుక్కుపోతుంది, ఇంటి లోపలి కర్రకే వాడండి.

కోతమిల్లు:
గోదావరి చిత్రిక గారి మాటకు ఒకటి జోడిస్తాను, ఇది చాలామంది తిరగేసి చేస్తారు. కమ్మీకి ఒక పక్క తెల్ల ఉంటే దాన్ని గోడవైపు తిప్పి దాచేస్తారు. చెద వచ్చేదే గోడలోంచి. దానికి ఇష్టమైన తెల్లను దాని నోటికే అందించినట్టవుతుంది. తెల్ల తప్పకపోతే కళ్లకు కనిపించే వైపు పెట్టించండి, రంగులో తేడా వచ్చినా సరే. మట్టి గూడు కట్టిన రోజే కనిపిస్తుంది. గోడకు ఆనే ముఖానికి రెండు పూతల ప్రైమరు, కొసలకు మూడు. కొసలు స్పాంజిలా నీళ్లు పీలుస్తాయి.

జగిత్యాల పొలం:
అయితే సింహద్వారం కొంటా. మా చెట్ల కర్ర లోపలి వాటికి. ఆరబెట్టడం ఎట్ల? ఇల్లు ఆగదు కదా, గోడలు కట్టేస్తరు.

గోదావరి చిత్రిక:
గోడలు కట్టేయనివ్వండి. లోపలి దర్వాజలను గోడతోపాటే నిలబెట్టాలన్న నియమం లేదు. నిజానికి తర్వాత పెట్టడమే కర్రకు మేలు. గోడతో పెడితే ఇటుకకు, ప్లాస్టరుకు కొట్టే నీళ్లన్నీ కమ్మీ తాగుతుంది, సిమెంటు మరకలు టేకుకు నల్లగా పడితే గీకినా పోవు. తలుపు చోటుకు కొలత కన్నా రెండు పక్కలా అర అంగుళం వదిలి కట్టించండి. ఒక్కో పక్క మూడు చోట్ల, కింద అడుగు ఎత్తున, నడుమ, పైనుంచి అడుగు కింద, ఇటుక బదులు కాంక్రీటు దిమ్మె పెట్టించండి. ప్లాస్టరు ఆరాక 10 మిల్లీమీటర్ల యాంకరు బోల్టులు, ఐదు అంగుళాల పొడవువి, ఆ దిమ్మెల్లోకి బిగించాలి. తల లోపలికి దించి అదే టేకు బిళ్ల అతికిస్తే కనబడదు. చుట్టూ సందులో ఫోమ్ కొట్టి పట్టీ వేయాలి. సింహద్వారాన్ని మాత్రం ముహూర్తానికి నిలబెట్టేస్తారు కనుక, నిలబెట్టే ముందే అన్ని ముఖాలకూ ఒక పూత సీలరు వేసి, గోడ పని అయ్యేదాకా గోనె కాకుండా ప్లాస్టిక్ చుట్టి ఉంచండి. గోనె తడిని పట్టి ఉంచుతుంది.

ఇక ఆరబెట్టడం. చలికాలంలో కొట్టించి, కొట్టిన వారంలోపే కోయించండి. దుంగగా పడేస్తే కొసలు పగులుతాయి, తెల్లలో పురుగు పడుతుంది. కోసిన రోజే కొసలకు మందపాటి పాత పెయింటో కరిగించిన మైనమో పూయాలి. నేల నుంచి అడుగున్నర ఎత్తున సమంగా దిమ్మెలు పేర్చి, వాటి మీద కమ్మీలు, వరసకూ వరసకూ మధ్య అంగుళం మందం పట్టీలు రెండడుగులకొకటి. పై వరస పట్టీ కింది వరస పట్టీకి సరిగ్గా నిలువునా రావాలి. అది తప్పితే మధ్యలో బరువు పడి కమ్మీలు విల్లులా వంగుతాయి, అలా వంగి ఎండింది మళ్లీ తిన్నగా కాదు. పైన రాళ్లు బరువు పెట్టండి. రేకు నీడ ఉండాలి, పక్కలు తెరిచి ఉండాలి. ఏప్రిల్, మేలో మీ వైపు వడగాలి గట్టిగా కొడుతుంది, ఆ రెండు నెలలు పడమటి వైపు తడక కట్టండి. ఉపరితలం లోపలికన్నా మరీ వేగంగా ఎండితే బీటలు పడతాయి. అంగుళం పలకలైతే ఎండాకాలం ముగిసేలోపు ఆరతాయి. మీ రెండు ముప్పావు అంగుళాల కమ్మీలకు వచ్చే దసరా దాకా ఓపిక పట్టాలి. ప్లాస్టరు, ఫ్లోరింగు కూడా అప్పటికి పూర్తవుతాయి.

పెంకుల వరండా:
బాత్రూములకు కర్ర దర్వాజ పెట్టకండి, గ్రానైటు ఫ్రేము చాలు. ఎంత మంచి టేకైనా రోజూ తడిసే గడప దగ్గర కాలు కుళ్లుతుంది.

వరండాకు టేకు అక్కర్లేదు. బంగళా పెంకు చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి, తడిసినప్పుడు బరువు దాదాపు 50 కిలోలు. ఏటవాలు మీద వాసం ఆధారాల మధ్య ఎనిమిదడుగులు మించకపోతే 4 × 2 వాసాలు రెండడుగులకొకటి సరిపోతాయి. మీరు చెప్పిన పదడుగుల లోతుకు గోడకూ ముందు దూలానికీ మధ్య వాలు వెంట కొలిస్తే ఎనిమిదడుగులు, మిగతాది చూరుగా బయటికి వదలండి. వాలు 25 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే గాలివానకు నీళ్లు పెంకుల సందుల్లోకి ఎగదన్నుతాయి. దంతెల (పెంకులు ఆనే అడ్డపట్టీల) దూరం పుస్తకం చూసి కొట్టొద్దు. మీరు కొన్న పెంకులు పది నేల మీద ఒకదానికొకటి తగిలించి పరిచి, ఒకసారి దగ్గరగా తోసి, ఒకసారి లాగి కొలిచి, ఆ రెంటి సగటు తీసుకోండి. కంపెనీకీ కంపెనీకీ అర అంగుళం తేడా వస్తుంది, చివరి వరసకు వచ్చేసరికి ఆ తేడా సగం పెంకు అవుతుంది.

కర్రకు ఎండిన వేప చేవ గానీ, నల్లమద్ది గానీ చూడండి. వేప వంకర పోతుంది, కోసి పేర్చి బాగా ఆరాకే ఎక్కించాలి. ముదురు తాటి దొరికితే ఇంకా మంచిది. నల్లటి పైపొరే బలం, లోపలి మెత్తని పీచు పూర్తిగా చెక్కేయాలి, అది మిగిలితే పురుగుకు దారి. స్తంభం కర్రదైతే నేలలో పాతొద్దు. ఆరు అంగుళాల రాతి దిమ్మె, దాని మీద ఇనుప చెప్పు, చెప్పుకీ దిమ్మెకీ మధ్య నీళ్లు నిలవకుండా సందు.

జగిత్యాల పొలం:
తేమ మీటరు మా దగ్గర లేదు. దసరాకు ఎండినట్టు ఎట్ల తెలుస్తది?

గోదావరి చిత్రిక:
తూకంతో తెలుస్తుందండీ. పేర్చేటప్పుడే దొంతర నడుమ వరసలో సులువుగా లాగి తీయగలిగేలా రెండడుగుల ముక్క ఒకటి పెట్టండి, అదే కోత, అదే మందం, కొసలకు అదే పూత. పదిహేను రోజులకోసారి తీసి కిరాణా కాటా మీద తూచి, తేదీతో రాసుకోండి. మొదట్లో ప్రతిసారీ బాగా తగ్గుతుంది. వానాకాలంలో ఆగిపోతుంది, కొంచెం పెరగొచ్చు కూడా. దాన్ని చూసి ఎండిందనుకోవద్దు. వానలు వెనకబట్టాక మళ్లీ తగ్గి, వరసగా మూడు తూకాలు ఒకేలా వస్తే అప్పుడు కర్ర మీ ఊరి గాలికి సరిపడా ఎండినట్టు. అప్పుడు ఆ ముక్కను నడిమికి కోసి మధ్య భాగం ముట్టుకుని చూడండి, చల్లగా తగలకూడదు. ఆపైన వడ్రంగికి ఇవ్వండి, అంతకుముందు రందా పట్టనివ్వకండి.