మడూరో సిగార్లను ఏళ్ల తరబడి దాచితే రుచి పెరుగుతుందా, పోతుందా?

నిదానస్తుడు

2019లో కొన్న పెట్టెలో మిగిలిన రెండు మడూరో (నల్లటి పై ఆకు చుట్టిన) సిగార్లలో ఒకదాన్ని మొన్న ఆదివారం కాల్చాను. అంతకుముందు ఆదివారం అదే రకంలో కొత్తగా కొన్నదాన్ని కాల్చాను. రెండూ నికరాగువాలో చుట్టినవే, రెండింటికీ పై ఆకు అమెరికాలో పండే కనెటికట్ బ్రాడ్‌లీఫ్ రకమే. కొత్తదాన్ని వెలిగించిన వెంటనే మిరియాల ఘాటు ముక్కుకు తగిలింది. ఆ ఘాటు అణిగాక చిక్కటి డికాక్షన్ చేదు, దాని వెనుక మాడీ మాడని బెల్లం పాకం లాంటి తీపి విడివిడిగా తెలిశాయి. పాతదానిలో పొగ ఎంతో మెత్తగా ఉంది కానీ ఘాటుతో పాటు ఆ బెల్లపు తీపి కూడా సన్నగిల్లింది, చివరి మూడో వంతులో పాత చెక్క బీరువా వాసన తప్ప నాకేమీ దొరకలేదు. స్పానిష్‌లో మడూరో అంటే పండినది అని అర్థం. కర్మాగారంలోనే పండి వచ్చిన దాన్ని ఇంట్లో మళ్లీ మాగబెట్టడం దండుగ అని, రెండేళ్లకు మించి దాచకూడదని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పాలని కోరుతున్నాను.

గౌతమీతీరం

నిదానస్తుడు గారూ, మీరు వర్ణించిన రుచితో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన తీర్పుతోనే ఉంది. పండినది పై ఆకు మాత్రమే, సిగార్ మొత్తం కాదు. మా తాతగారు లంక పొగాకు మండె వేసిన (ఆకును కుప్పగా పేర్చి పులియబెట్టిన) రోజుల్లో తెల్లవారగానే మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి వేడి చూసేవారు, చెయ్యి ఓర్చుకోలేనంత కాలితే ఆ పూటే మండె విప్పి లోపలి ఆకు పైకి, పై ఆకు లోపలికి మార్చి తిరగవేయించేవారు. ఆ సమయంలో లేచే అమ్మోనియా ఘాటుకు మా కళ్ల వెంట నీళ్లు కారేవి. నికరాగువాలోనూ, డొమినికన్ రిపబ్లిక్‌లోనూ పిలోన్ అని పిలిచే మండెల్లో జరిగేది సూత్రప్రాయంగా ఇదే, కాకపోతే వాళ్లు చేతికి బదులు థర్మామీటరు గుచ్చుతారు. మడూరో కోసం ఉద్దేశించిన మందపాటి ఆకును మిగతా వాటికన్నా ఎక్కువ వేడిలో, ఎక్కువ కాలం ఉంచుతారు కనుకనే ఆ నలుపు, ఆ తీపి వస్తాయి.

అయితే సిగార్ బరువులో పై ఆకుది చిన్న వాటా. బలమంతా లోపలి ఆకులో, ముఖ్యంగా మొక్క కొసన ఎండ తిని పెరిగే లిహెరోలో ఉంటుంది, దాని పదును దిగడానికి ఏళ్లు పడుతుంది. పైగా మీరు పోల్చిన రెండు సిగార్లు ఒకే పంటవి కావు. 2019 నాటి పెట్టె కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మీరు రాసి పెట్టుకోలేదు కదా!

హార్ట్‌ఫర్డ్ వాసి

నేను ఉండే చోటికి కనెటికట్ నది లోయ దగ్గరే. అక్కడ రెండు రకాల ఆకు పండుతుంది. గుడ్డ పందిళ్ల నీడలో పెంచే పలుచని షేడ్ ఆకును ఒక్కొక్కటిగా కోస్తారు. బ్రాడ్‌లీఫ్‌ను ఆరుబయట ఎండలో పెంచి, మొక్కను కాండంతో సహా నరికి, కొట్టాల్లో తలకిందులుగా వేలాడదీస్తారు. షేడ్ ఆకును మడూరో వేడికి గురిచేస్తే చిరిగిపోతుంది, బ్రాడ్‌లీఫ్ తట్టుకుంటుంది.

ఆకు వయసు వేరు, చుట్టిన తరువాత సిగార్ వయసు వేరు అన్న సంగతి ఈ చర్చలో కలగాపులగమవుతోంది. క్యూబా వారు 2007లో తెచ్చిన కోహీబా మడూరో 5 పేరులోని అయిదు, పై ఆకును చుట్టక ముందు నిల్వ ఉంచిన సంవత్సరాలను తెలుపుతుంది, మనం పెట్టెలో దాచిన కాలాన్ని కాదు. అన్ని మడూరోలూ ఒకటి కావన్నది కూడా గమనించాలి. మెక్సికోలోని శాన్ ఆండ్రెస్ లోయ ఆకులో మట్టి వాసన, కారం ముందుంటాయి, నా అనుభవంలో అవి మూడు నాలుగేళ్లకు చక్కగా సర్దుకుంటాయి. బ్రాడ్‌లీఫ్ తీపి విషయంలో మాత్రం నేను నిదానస్తుడు గారి వైపే. (కొందరు తయారీదారులు ఆకును ఉడికించో రంగు అద్దో నల్లబరుస్తారు, అటువంటి వాటికి ఈ చర్చే అనవసరం.)

సాగరతీరం

ఏ ఉష్ణోగ్రతలో, ఎంత తేమలో దాచారో ఎవరూ అడగలేదు. మందపాటి, నూనె ఎక్కువ ఉన్న పై ఆకును 70 శాతం తేమలో ఉంచితే సరిగా కాలదు, ఆరిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ వెలిగించడంతో చేదెక్కుతుంది. నేను 65 దాటనివ్వను. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి. విశాఖ ఎండల్లో ఒక్క వారం ఏమరుపాటుకు పదకొండు సిగార్లకు గుండుసూది బెజ్జాలు పడ్డాయి, పెట్టె అడుగున పిండిలా పొడి రాలింది. అప్పటి నుంచి కొన్నవన్నీ మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచాకే హ్యుమిడార్ (తేమను నిలిపే సిగార్ల పెట్టె) లోకి పంపుతున్నాను.

నిదానస్తుడు

సాగరతీరం గారి ప్రశ్నకు సిగ్గుపడుతూ జవాబిస్తున్నాను. నా హ్యుమిడార్ తేమ 70కి పైనే ఉంటుంది, రెండు వేసవులు అది ఏసీ లేని గదిలో గడిపింది. కనుక చెక్క వాసనకు వయసొక్కటే కారణమని ఇక వాదించను. లోపలి ఆకు మెత్తబడిందన్న గౌతమీతీరం గారి మాటనూ ఒప్పుకుంటాను. కానీ నేను మడూరో కొనేది ఆ తీపి కోసమే, మెత్తదనం కావాలంటే షేడ్ ఆకు సిగార్లే కొనుక్కునేవాణ్ణి. మిగిలిన ఆ ఒక్కదాన్ని 65 శాతం తేమలో రెండు నెలలు ఉంచి కాల్చి, ఇక్కడే రాస్తాను.

గౌతమీతీరం

తప్పక రాయండి. ఈలోగా కొత్త పెట్టె కొని, అందులో ఒకటి ఇప్పుడే కాల్చి రుచిని కాగితం మీద పెట్టి, మిగతావి 2030 దాకా ముట్టకండి. అప్పటికీ బెల్లం కనిపించకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.