చెరువు పక్క ఇల్లు, అరచేయంత సాలీళ్లు: మందు కొట్టించాలా?

అడిగినవారు:
హైదరాబాద్ శివారులో చెరువు కట్టకు దగ్గరగా ఇల్లు. వానలు మొదలైనప్పటి నుంచి రెండు రకాల పెద్ద సాలీళ్లు వస్తున్నాయి. ఇంట్లోది గోధుమరంగు, చదునుగా, కాళ్లతో కలిపి అరచేయంత. గూడు కట్టదు, రాత్రిపూట గోడ మీద పరిగెడుతుంది. బయటిది గేటుకీ వేపచెట్టుకీ మధ్య మీటరు వెడల్పు గూడు కట్టింది, నల్లటి ఒళ్లు, పసుపు చారలు. పోర్టికోలో బూజు ఇవాళ దులిపితే రేపటికి మళ్లీ తయారు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు నెలకోసారి మందు కొట్టాలంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఇవి విషమా?

పురుగులు చూసేవాడు:
రెండూ ప్రాణం తీసేవి కావండి. ఇంట్లోది హంట్స్‌మన్. కాళ్లు పీతలా పక్కకు చాచి ఉంటాయి, ముఖం మీద లేత మీగడరంగు పట్టీ కనిపిస్తుంది. దాని ప్రధాన ఆహారం బొద్దింకలు. నలిపితేనో, గుడ్ల సంచితో ఉన్న ఆడదాన్ని చేత్తో పట్టుకుంటేనో కరుస్తుంది. నొప్పి, కాస్త వాపు, అంతే. బయటిది గోల్డెన్ ఆర్బ్ వీవర్. ఎండలో దాని దారం బంగారు రంగులో మెరుస్తుంది. ఆడదాని ఒళ్లే 3 నుంచి 5 సెంటీమీటర్లు. అదే గూట్లో అర సెంటీమీటరు ఎర్రటి పురుగు కనిపిస్తే అది పిల్ల కాదు, మగది. ఇది గూడు వదిలి ఇంట్లోకి రాదు.

గుత్తి (గూటీ) ఊరి పేరుతో వార్తల్లో వచ్చే నీలిరంగు టరాంటులా సాలీడు ఇదేనా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా: కాదు. అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో చెట్టు తొర్రల్లో ఉండేది.

వైరింగ్ పనివాడు:
పోర్టికోలో ఏ లైటు ఉంది? 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) తెల్ల ట్యూబు అయితే సగం సమాధానం అక్కడే ఉంది. పొద్దున గోడ నిండా దోమల్లాంటివి వాలి ఉంటాయి కదా, వాటిలో ఎక్కువ భాగం దోమలు కావు, మిడ్జిలు. కుట్టవు. దోమ వాలినప్పుడు వెనక కాళ్లు ఎత్తుతుంది, మిడ్జి ముందు కాళ్లు ఎత్తుతుంది, అదీ గుర్తు. వీటి పిల్లపురుగులు చెరువు అడుగు బురదలో ఎర్రగా ఉంటాయి. మురుగు కలిసే చెరువులో ఇంకా ఎక్కువ. ఫాగింగ్ పొగ ఆ బురదలోకి పోదు, అందుకే ఎన్నిసార్లు కొట్టినా మర్నాటికి మళ్లీ వస్తాయి. మీ లైటు వాటిని గోడకు లాగుతోంది, వాటి కోసం సాలీళ్లు వస్తున్నాయి. తిండి ఉన్నంతకాలం బూజుకర్ర పని తీరదు.

చేయాల్సింది: బయటి లైట్లన్నీ 2700 కెల్విన్ వార్మ్ వైట్‌కి మార్చండి, 5 నుంచి 7 వాట్లు చాలు. గేటు దగ్గర మోషన్ సెన్సార్ పెట్టి టైమర్ ఒక నిమిషానికి తగ్గించండి. పొద్దు గుంకాక మొదటి గంటన్నర మిడ్జిలు బాగా లేస్తాయి, ఆ సేపు పోర్టికో ఆర్పేసి చెరువు వైపు కిటికీలకు కర్టెన్లు వేయండి. స్థలం ఉంటే ఇంటికి 15–20 మీటర్ల దూరంలో, చెరువు వైపే, ఒక తెల్ల లైటు స్తంభానికి పెట్టండి. పురుగులు అక్కడికి మళ్లుతాయి. వార్మ్ బల్బు కూడా నేరుగా గోడ మీద పడేట్టు బిగిస్తే ప్రయోజనం తగ్గుతుంది, వెలుగు కిందికి దిగేట్టు పైన మూత ఉన్న ఫిట్టింగ్ తీసుకోండి.

డల్లాస్ నుంచి:
ఇక్కడ లేక్ టవకోనీ పార్కులో 2007 ఆగస్టులో ఒక బాట పక్క చెట్లు ఒకే గూడుతో దుప్పటి కప్పినట్టయ్యాయి. కారణం అప్పుడూ ఇదే, వానలు ఎక్కువై మిడ్జిలు విపరీతంగా పెరగడం. తిండి అంత ఉండేసరికి, మామూలుగా విడివిడిగా ఉండే సాలీళ్లు పక్కపక్కనే గూళ్లు కట్టేశాయి.

అడిగినవారు:
లైట్లు మారుస్తాం. మరి మందు సంగతి?

పురుగులు చూసేవాడు:
నా మాట వద్దనే. బొద్దింక మందు మీద పొట్ట ఆనించి నడుస్తుంది, తర్వాత కాళ్లూ మీసాలూ నోటితో శుభ్రం చేసుకుంటుంది, అలా మందు లోపలికి పోతుంది. సాలీడు కాళ్ల కొసల మీద నడుస్తుంది, అలా నాక్కోదు. అందుకే గోడకు కొట్టి వదిలేసిన మందు దాని మీద సరిగా పనిచేయదు. పైగా వీళ్లు కొట్టేవి ఎక్కువగా సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రకాలు. చేపలకు అవి కొద్ది మోతాదులోనే విషం. బయటి గోడకు కొడితే తర్వాతి వానకు చెరువులోకే. నాఫ్తలీన్ గోళీలు పాప ఉన్న ఇంట్లో అసలు వద్దు, మింగితే ప్రమాదం.

హంట్స్‌మన్ పోవాలంటే బొద్దింకలు పోవాలి. జెల్ బెయిట్ (బొద్దింకలు తినే ఎర మందు) కందిగింజలో సగమంత చుక్కలుగా సింకు కింద, అల్మరా కీళ్ల లోపల, ఫ్రిజ్ మోటారు వెనక పెట్టండి, పాప చేయి చేరని చోట మాత్రమే. అదే చోట స్ప్రే కొట్టకూడదు, కొడితే బొద్దింకలు జెల్ తినవు. బాత్రూం నహానీ ట్రాప్‌లో (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నెలో) నీళ్లు ఎండిపోకుండా చూడండి. వాడని బాత్రూంలో వారానికోసారి ఒక మగ్గు పోస్తే చాలు.

తర్వాత సందులు. పెన్సిల్ దూరేంత సందులో ఇది చదునై దూరిపోతుంది. తలుపు కింద బ్రష్ పట్టీ నేలకు తగిలేట్టు బిగించండి. ఏసీ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం చుట్టూ పుట్టీ, ఎగ్జాస్ట్ ఫ్యానుకు బయట జాలీ. స్లైడింగ్ కిటికీ పట్టాలో నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని సిలికాన్‌తో మూసేయకండి, వాన నీళ్లు లోపలికి తన్నుతాయి. చిన్న జాలీ ముక్క అతికించండి.

అడిగినవారు:
గోడ మీద ఉన్నదాన్ని పట్టేదెలా? చీపురు ఎత్తగానే బీరువా వెనక్కి పోతోంది.

పురుగులు చూసేవాడు:
చీపురు వద్దు. మూతి 15 సెంటీమీటర్ల వెడల్పున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, పాత క్యాలెండర్ అట్ట తీసుకోండి. గ్లాసు సరిపోదు, కాలు అంచు కింద పడి తెగుతుంది. లైటు వేసి దాన్ని కాసేపు కదలకుండా ఉండనివ్వండి. డబ్బాను నెమ్మదిగా తెచ్చి, చివరి జానెడు దూరం మాత్రం చప్పున మూసేయండి. అట్టను గోడకు ఆనించి మెల్లగా తోస్తే కాళ్లు అదే ఎత్తుకుంటుంది. ప్రహరీ బయట చెట్టు మొదట్లో వదలండి. పొట్ట కింద రూపాయి బిళ్లంత తెల్లటి చదునైన సంచి కనిపిస్తే దాన్ని చెప్పుతో కొట్టకండి. సంచి పగిలిందంటే, పొదిగే దశలో ఉంటే, వందల పిల్లలు గది నిండా చెదురుతాయి.

గేటు దగ్గరి గూడు మొత్తం తెంపితే అక్కడే మళ్లీ కడుతుంది. పొడవాటి కర్ర మీదికి దాన్ని ఎక్కించుకుని 20 మీటర్ల అవతల పొదలో వదిలి, తర్వాత గేటుకు కట్టిన దారాలు తీసేయండి. నవంబరు దాటాక పెద్దవి ఎలాగూ తగ్గుతాయి.

అడిగినవారు:
ఇంట్లో పెద్దవాళ్లు, సాలీడు మెడ మీద పాకితే పొక్కులు లేస్తాయంటున్నారు. మొన్న మా పనమ్మకి గీతలా లేచాయి.

వార్డు డ్యూటీ:
గీతలా లేస్తే సాలీడుని అనుమానించనక్కర్లేదమ్మా. చీమలా సన్నగా, నారింజ నలుపు పట్టీలతో 7–10 మిల్లీమీటర్ల పురుగు ఒకటి ఉంటుంది, వార్తల్లో నైరోబీ ఈగ అంటారు. చెరువు ఒడ్డున, వరి పొలాల్లో ఉంటుంది, లైటుకు వస్తుంది. ఒంటి మీద నలిపితే దాని రసానికి ఒకటి రెండు రోజుల తర్వాత మంట, బొబ్బలు. వాలితే ఊదేయండి, నలపకండి, వెంటనే సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు తుడవకూడదు. మంచం ట్యూబులైటు కింద ఉంటే జరపండి. పొక్కులు ఒంటికి ఒక పక్కనే పట్టీలా వచ్చి నొప్పిగా ఉంటే సర్పి కావచ్చు, డాక్టరుకు చూపించాలి.

ఇంకోటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. రాత్రి నిద్రలో ఏదో కరిచింది, ఏమిటో చూడలేదు అంటే "సాలీడే అయ్యుంటుంది" అని పడుకోకండి. చెరువు పక్కన కట్లపాము తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి, గాటు దాదాపు కనిపించవు. రెప్పలు వాలడం, కడుపునొప్పి, మింగలేకపోవడం మొదలయ్యేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, యాంటీ వెనం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. పాపను నేల మీద పడుకోబెట్టకండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోబెట్టండి.

అడిగినవారు:
చివరిగా ఒకటి. సీసీ కెమెరా ముందు బూజు పట్టి రాత్రంతా ఫోనుకు అలర్టులు.

వైరింగ్ పనివాడు:
కెమెరాలోని ఐఆర్ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) వెలుగు దారం మీద పడి తెల్లగా మెరుస్తుంది, గాలికి ఊగితే మనిషి కదిలినట్టు లెక్కేస్తుంది. సెట్టింగ్స్‌లో కెమెరా ఐఆర్ ఆపేసి, విడిగా ఒక ఐఆర్ లైటు కెమెరాకు మీటరున్నర పక్కన బిగించండి. దారాలు కట్టినా వెలుగు నేరుగా పడదు. కెమెరా డోమ్ (గుండ్రటి ప్లాస్టిక్ మూత) మీద దోమల స్ప్రే కొట్టకండి, కొన్నిట్లో ఉండే కిరోసిన్ లాంటి ద్రావకం ప్లాస్టిక్‌ని మసకబారుస్తుంది. తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో పదిహేను రోజులకోసారి తుడవండి, కెమెరా వెనక జంక్షన్ బాక్సు మూతకు రబ్బరు వాషర్ ఉందో లేదో అప్పుడే చూసుకోండి, సాలీళ్లు అక్కడా గుడ్లు పెడతాయి.