ఉద్యోగం చేస్తూ గ్రూప్-2: కోచింగ్‌తో టైమ్ కలిసొస్తుందా?

ప్రశ్న: ఆఫీసు తొమ్మిది నుంచి ఆరు. తెలంగాణ గ్రూప్-2కి కోచింగ్‌లో చేరితే టైమ్ కలిసొస్తుందా, ఉన్నదీ పోతుందా?

జవాబు 1: క్లాసులతో టైమ్ మిగలదండీ. ఏది ముందు చదవాలో తేల్చుకునే టైమ్ మిగులుతుంది, అంతే. నాలుగు పేపర్లు, 600 మార్కులు. సిలబస్‌ను వారాలకు పంచి, ఆదివారం టెస్టు పెట్టే చోటైతేనే చేరండి. రెండు గంటల క్లాసుకు రానుపోను గంటన్నర పడితే మొదట పోయేది రివిజనే. రికార్డింగులు తర్వాత చూద్దామని పోగేస్తే ఇక చూసినట్టే!

జవాబు 2: అసలు లాభం టెస్టుల్లో ఉంది. పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. తెలిసినవి 100 నిమిషాల్లో, సందేహమున్నవి 35లో, మిగతా 15 ఓఎంఆర్ (జవాబులు గుర్తించే షీటు) సరిచూడ్డానికి. తెలంగాణలో నెగెటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీగా వదలొద్దు. ఏపీ గ్రూప్-2కి ఈ లెక్క పనికిరాదు, తప్పుకు మూడో వంతు కోత.

జవాబు 3: బబ్లింగ్ (ఓఎంఆర్‌లో గడులు నింపడం) మాత్రం చివరిదాకా వాయిదా వేయకండి, ఒక్క గడి జరిగితే వరసంతా తప్పు. టెస్టు రాసిన రోజే తప్పుల్ని విడదీయండి: తెలియనివి, తికమకపడ్డవి, టైమ్ చాలనివి. మూడో రకం ఎక్కువైతే కొత్త క్లాసులు ఆపి టెస్టులు పెంచండి.