"సమస్థాని" అంటే ఏ స్థానం?

పోస్టు: ఒక ఖగోళ వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ప్లానెటరీ నెబ్యులాను గ్రహ నీహారికగా, ఐసోటోపును సమస్థానిగా మార్చి "ఈ గ్రహ నీహారికలో కార్బన్ సమస్థానుల నిష్పత్తి తగ్గింది" అని రాశాను. చదివిన మిత్రుడు రెండే ప్రశ్నలు వేశాడు. ఏ గ్రహం? ఏ స్థానం? నేను నీళ్ళు నమిలాను. ఈ మాటలు ఉంచనా, తీసేయనా?

కామెంటు: గ్రహం అక్కడ లేదండీ. 1780లలో ఖగోళవేత్త విలియం హెర్షెల్ టెలిస్కోపులో ఇవి గుండ్రటి బిళ్ళల్లా, ఆయనే 1781లో కనిపెట్టిన యురేనస్‌లా కనిపించాయి. ఆ పోలికే పేరైంది. నిజానికది సూర్యుడిలాంటి నక్షత్రం చివరి దశలో వదిలేసిన వాయువు. మధ్యలో మిగిలిన వేడి గర్భం నుంచి వచ్చే అతినీలలోహిత కాంతికి వెలుగుతుంది. ఇంగ్లీషువాళ్ళే ఆ తప్పు పేరును మోస్తున్నారు, మనమూ మోద్దాం. నీహారిక మాత్రం చక్కగా కుదిరింది. నీహారం అంటే మంచు, లాటిన్‌లో నెబ్యులా అన్నా పొగమంచే.

ఇంకొకరు: స్థానమంటే ఆవర్తన పట్టికలో గడి. కార్బన్-12కీ కార్బన్-13కీ ప్రోటాన్లు ఆరే, కాబట్టి ఇద్దరిదీ ఒకే గడి. న్యూట్రాన్లే 6, 7. 1913లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ వాడిన ఐసోటోప్ అనే పేరును సూచించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరు. గ్రీకులో ఐసోస్ సమానం, టోపోస్ చోటు. సమస్థాని అచ్చంగా దానికి అనువాదమే, కానీ పట్టిక గుర్తులేని పాఠకుడికి అది శూన్యం. నా ఓటు ఐసోటోపుకే, బడి పుస్తకాల్లో అలాగే చదివాం.

పోస్టు పెట్టినవారు: మరి అంత దూరాన ఉన్నవాటిని "తూచారు" అని రాయొచ్చా?

ఐసోటోపుకు ఓటేసినవారు: వద్దండీ, "కొలిచారు" అనండి. తూచడానికి అక్కడ తక్కెడ లేదు. వెలిగే వాయువు మధ్య చల్లటి ముద్దల్లో కార్బన్ మోనాక్సైడ్ అణువులు గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు వదులుతాయి. కార్బన్-12 ఉన్న అణువు గీత (ఆ తరంగాల వర్ణపటంలో పడే గుర్తు) 115.27 గిగాహెర్ట్జ్ దగ్గర, బరువైన 13ది 110.20 దగ్గర పడుతుంది. రెండు గీతల బలాన్ని పోల్చి నిష్పత్తి రాబడతారు. ఇందులో ఒక చిక్కుంది. 12 గీత మరీ దట్టమైతే ముందరి వాయువే వెనక వెలుగును మింగేస్తుంది, లెక్కలో 12 తక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచూసుకోవాలి.

అసలు మీ వాక్యంలో నాకు టెన్షన్ పెట్టేది "తగ్గింది" అన్న మాట. సౌరకుటుంబంలో ఒక్క 13కి సుమారు 89 కార్బన్-12లు. కె4-47 అనే నీహారికలో అది 2 దగ్గరికి పడిపోయిందని 2018లో ప్రకటించారు. అంటే 13 విపరీతంగా పెరిగిందని. నక్షత్రం లోపల కార్బన్-12 ఒక ప్రోటాన్‌ను పట్టుకుంటే చివరికి అది 13 అవుతుంది. "నిష్పత్తి తగ్గింది" అని చదివినవాళ్ళలో సగంమంది 13 తగ్గిందనుకుంటారు.

పోస్టు పెట్టినవారు: మార్చాను. "ఈ గ్రహ నీహారికలో కార్బన్-13 వాటా పెరిగింది." స్థానం పోయింది, గ్రహానికి పక్కన ఒక వాక్యం వివరణ పెట్టాను.