ఘాట్‌లో ఎగ్జాస్ట్ బ్రేకు లేటుగా పడుతోంది, ఎక్కడ చూడాలి?

రాజమండ్రి లారీ: అన్నలూ, నాది పాత పది టైర్ల బండి. లోడుతో మారేడుమిల్లి ఘాట్‌లో చింతూరు వైపు దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని మూసి ఇంజనుతోనే బండి వేగం తగ్గించేది) స్విచ్ తొక్కితే వెంటనే పట్టట్లేదు. రెండు మూడు సెకన్లు బండి దాని మానాన అది పోయి, అప్పుడు పడుతోంది. మలుపులో గుండె జారిపోతోంది. స్విచ్ వదిలి యాక్సిలరేటర్ తొక్కినా కాసేపు లాగదు, నల్ల పొగ. షెడ్డులో స్విచ్ మార్చమంటే మార్చాను, తేడా లేదు. గాలి ప్రెషర్ మీటరు 7 దగ్గరే ఉంటోంది, అది బాగానే ఉంది.

కొత్త ఓనరు: సోలినాయిడ్ (స్విచ్ కరెంటుతో గాలి వదిలే వాల్వు) కూడా మార్చెయ్ బ్రో.

పాత మెకానిక్: సామాను కొనడం ఆపు తమ్ముడూ. వదిలాక కూడా లాగట్లేదన్నావు చూడు, నా అనుమానం అక్కడే. పట్టడమూ లేటు, వదలడమూ లేటు అంటే ఎగ్జాస్ట్ పైపులో ఉండే బటర్‌ఫ్లై రేకు మసికి బిగుసుకుని ఉంటుంది. షెడ్డులో చల్లటి బండి చూస్తే ఏం తెలుస్తుంది? వేడి మీద చూడాలి.

ట్యాంకులో గాలి నింపి ఇంజను ఆపు, తాళం ఆన్‌లో ఉంచు, చక్రాలకు చెక్కలు పెట్టు. ఒకరు స్విచ్ తొక్కుతుంటే నువ్వు కింద చెవి పెట్టు. వాల్వు టక్కుమనడమే లేటయితే కరెంటో, వాల్వో. టక్కుమన్నాక గాలి సిలిండర్ నుంచి రేకుని తిప్పే రాడ్డు ఈడ్చుకుంటూ కదిలితే, రాడ్డుని రేకు లివరుకి కలిపే పిన్ను తీసి మళ్ళీ తొక్కించు. ఉత్త రాడ్డు గబుక్కున దూకితే తప్పు రేకుదే. అదీ నెమ్మదైతే సిలిండర్ వాచరో, పైపులో నీళ్ళో. వేళ్ళు జాగ్రత్త.

రేకు తిరిగే షాఫ్టుకి గ్రీజు మాత్రం పూయకు, ఆ వేడికి మాడి మళ్ళీ మసే అవుతుంది. విప్పి వైరు బ్రష్‌తో గీకించు, షాఫ్టు కూర్చునే బుష్షు అరిగిందేమో చూడు.

ఇంకోటి, ఇంజను స్పీడు పడిపోయాక తొక్కితే ఏ ఎగ్జాస్ట్ బ్రేకూ గట్టిగా పట్టదు. దిగుడు మొదలవకముందే గేరు తగ్గించుకో. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందనేవాళ్ళని నీ క్యాబిన్ ఎక్కించుకోకు.

రాజమండ్రి లారీ: చూశాను అన్నా. టక్కుమని వెంటనే వచ్చింది, రాడ్డు మాత్రం ముసలాయన లేచినట్టు కదిలింది. పిన్ను తీస్తే టపీమని దూకింది. లివరు చేత్తో తిప్పితే సగంలో పట్టేసింది. రేపు విప్పిస్తున్నా. పైపు జాయింటులో పాత గాస్కెట్టే వెయ్యొచ్చా?

పాత మెకానిక్: వద్దు, కొత్తది వెయ్. బోల్టులు పట్టేసి ఉంటాయి, బండి పూర్తిగా చల్లారాక డీజిల్‌తో రాత్రంతా నానబెట్టు. మొండిగా తిప్పితే విరుగుతాయి.